ఐరన్ మాత్ర స్ట్రిప్ మీది అంకెల్లో అసలు ఇనుము ఎంత? రోజూ వేయాలా, రోజు విడిచి రోజా?

కరపత్రం_పని

నమస్కారమండీ. మందుల షాపుకి చీటీ పట్టుకొచ్చే వాళ్లకి ఇవ్వడానికి ఐరన్ మాత్రల మీద తెలుగులో ఒక పేజీ కరపత్రం తయారవుతోంది. నాలుగు చోట్ల ముడి పడింది. తెలిసినవాళ్లు విప్పాలి.

ఒకటి, స్ట్రిప్ మీది అంకె. ఒకదాని మీద 200 మి.గ్రా., ఇంకోదాని మీద 300, మరోదాని మీద 100, ప్రభుత్వ ఆసుపత్రి ఎర్ర మాత్ర మీద 60 అని ఉంటుంది. 300 అని రాసి ఉన్నదే బలమైన మందు అనుకుంటున్నారు జనం. పోల్చాలంటే ఏ అంకె చూడాలి?

రెండు, కొందరు డాక్టర్లు రోజూ రెండు పూటలా రాస్తున్నారు, కొందరు రోజు విడిచి రోజు ఒక్కటే రాస్తున్నారు. ఏది సరైనది?

మూడు, రెండు నెలలు వాడినా హిమోగ్లోబిన్ కదలకపోతే "మందు పడలేదు" అని కంపెనీ మారుస్తున్నారు. అసలు ఏం చూడాలి?

నాలుగు, ఐరన్‌తో పాటు జింకు, కాల్షియం, థైరాయిడ్ మాత్ర అన్నీ ఒకే గుక్కలో మింగేస్తున్నారు. వేటి మధ్య ఎంత ఎడం ఉండాలి?

---

మందులకొట్టు_కిటికీ

మొదటి ప్రశ్న లెక్కల ప్రశ్న కాబట్టి తేలిగ్గా తేలిపోతుంది. మాత్రలో ఉండేది వట్టి ఇనుము కాదు, ఇనుప లవణం. లవణం మొత్తం బరువులో ఇనుము ఒక భాగమే. ఆ భాగాన్నే స్ట్రిప్ మీద "ఎలిమెంటల్ ఐరన్" అంటారు. పోల్చాల్సింది దాన్నే.

ఫెర్రస్ సల్ఫేట్‌లో నీటి అణువులతో ఉన్న మామూలు రకం అయితే ఇనుము 20 శాతం, అంటే 325 మి.గ్రా. మాత్రలో 65. నీరు తీసేసిన పొడి రకం అయితే 200 మి.గ్రా.లోనే అదే 65 వస్తుంది. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో 33 శాతం, 300 మి.గ్రా.కి దాదాపు 99. ఫెర్రస్ గ్లూకోనేట్‌లో 12 శాతం లోపే, 300 మి.గ్రా. మాత్రలో 35. అంటే ఒకే 300 అంకె ఉన్న రెండు మాత్రల్లో ఒకదానిలో మరోదానికి దాదాపు మూడింతల ఇనుము ఉండొచ్చు.

తిరకాసు ఎక్కడంటే, మన దగ్గర ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రల మీద సాధారణంగా "ఇంత ఎలిమెంటల్ ఐరన్‌కు సమానం" అనే రాస్తారు. ఆ 100 అన్నది అచ్చంగా ఇనుమే. ప్రభుత్వ ఎర్ర మాత్ర మీది 60 కూడా ఇనుమే, దాంతో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కాబట్టి 60 అని ఉన్న ఎర్ర మాత్ర, 300 అని ఉన్న గ్లూకోనేట్ మాత్ర కన్నా బలమైనది. బిస్‌గ్లైసినేట్ మాత్రలు కొన్నిటి మీద లవణం బరువు, కొన్నిటి మీద ఇనుము బరువు ఉంటుంది. చిన్న అక్షరాల్లో "ఈక్వివలెంట్ టు" తర్వాత ఏముందో చదవాల్సిందే.

కరపత్రంలో ఇంకొక్క ముక్క తప్పకుండా పెట్టండి. "నెమ్మదిగా విడుదలయ్యే" గుళికలు, పేగులో కరిగే పూత ఉన్న మాత్రలు కడుపులో మంట చేయవని ఖరీదుగా అమ్ముతారు. ఇనుమును పీల్చుకునేది ముఖ్యంగా పేగు మొదటి మూర, అంటే ఆంత్రమూలం, దాని కిందనే ఉన్న కొద్ది భాగం. పూత కరిగేలోపు గుళిక ఆ చోటు దాటి పోతే మంటా ఉండదు, పనీ ఉండదు. కడుపులో వికారం తక్కువ కావడానికి ఒక కారణం అదే.

నాలుగో ప్రశ్నకి ఎడం లెక్క:

కాల్షియం మాత్ర, గ్యాస్‌కి తాగే యాంటాసిడ్: కనీసం 2 గంటలు. గర్భిణులకి కాల్షియం 500 మి.గ్రా. రెండు పూటలా, ఎర్ర మాత్ర ఒక పూట ఇస్తారు కాబట్టి ఈ పొరపాటు ఎక్కువ. కాల్షియం పొద్దున టిఫిన్‌తో, మధ్యాహ్నం అన్నంతో. ఐరన్ రాత్రి భోజనమైన 2 గంటలకి, పడుకోబోయే ముందు అని చెబితే ఎవరికైనా గుర్తుంటుంది.

థైరాయిడ్ మాత్ర (లెవోథైరాక్సిన్): 4 గంటలు. ఇక్కడ నష్టపోయేది ఐరన్ కాదు, థైరాయిడ్ మందు. ఇనుము దాన్ని పట్టి ఉంచేస్తుంది, రెండు నెలల తర్వాత టి.ఎస్.హెచ్. పెరిగి కనబడుతుంది, డాక్టరు డోసు పెంచుతాడు. తప్పు డోసుది కాదు, టైముది.

డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు: అవి వాడే ఐదారు రోజులూ ఐరన్ ఆపేయడమే సులువు. మూడు నెలల కోర్సులో ఐదు రోజులు పోతే ఏమీ కాదు, యాంటీబయాటిక్ పని చేయకపోతే మాత్రం ఇబ్బందే.

పాంటొప్రజోల్ లాంటివి ఎడం పెట్టినా లాభం లేదు. ఆ మందు ఇనుము కరగడానికి కావలసిన కడుపు ఆమ్లాన్ని రోజంతా తగ్గించే ఉంచుతుంది. నెలల తరబడి అలవాటుగా వాడుతున్నారేమో అడగాలి, అవసరం ఉందో లేదో డాక్టరు చూడాలి.

---

పేగుగోడ

రెండో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఒంట్లో ఇనుము తిరిగే దారి చూడాలి. ఓపిగ్గా చదవండి, మిగతావన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు. ఒక చిన్న ఇనప మేకు బరువంత. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే. రోజూ కొత్త ఎర్రకణాలకి కావలసిన 20 నుంచి 25 మి.గ్రా. ఇనుమును ముసలి కణాలను విరగ్గొట్టి శరీరమే తిరిగి తీసుకుంటుంది. బయటినుంచి కావలసింది రోజుకి 1, 2 మి.గ్రా. మాత్రమే. ఎందుకంటే పోయేదీ అంతే: రాలే చర్మం, రాలే పేగు కణాలు, చెమట. మిగతా ఖనిజాలు ఎక్కువైతే మూత్రంలోనో పైత్యరసంలోనో పంపేయొచ్చు. ఇనుముకి అలాంటి వాకిలి లేదు. వెళ్లే దారి లేని ఇంట్లో కాపలా అంతా వచ్చే దారి దగ్గరే ఉంటుంది.

ఆ కాపలాదారు పేరు హెప్సిడిన్. 25 అమైనో ఆమ్లాల చిన్న హార్మోను, కాలేయం తయారు చేస్తుంది. పేగు కణంలోకి ఇనుము రావడానికి పైవైపు ఒక తలుపు (డి.ఎం.టి.-1), రక్తంలోకి దాటడానికి కిందవైపు ఇంకో తలుపు (ఫెర్రోపోర్టిన్) ఉంటాయి. హెప్సిడిన్ వచ్చి ఫెర్రోపోర్టిన్‌కి అతుక్కుంటే కణం ఆ తలుపును లోపలికి లాక్కుని నాశనం చేస్తుంది. అప్పుడు ఇనుము పేగు కణంలోనే చిక్కుకుపోతుంది. మూడు నాలుగు రోజుల్లో ఆ కణం రాలిపోతుంది, దానితో పాటు ఇనుమూ మలంలో పోతుంది.

మాత్రల దగ్గరికి వస్తే, 60 మి.గ్రా. గానీ అంతకు మించి గానీ ఇనుము ఒకసారి మింగితే హెప్సిడిన్ పెరిగి దాదాపు 24 గంటలు ఎక్కువగానే ఉంటుంది. 48 గంటలకి దిగుతుంది. సాయంత్రం మాత్ర వేసేటప్పటికి పొద్దున మాత్ర తలుపు వేసేసి ఉంటుందన్నమాట. 2017లో జూరిక్ పరిశోధకులు ఇనుము నిల్వలు తగ్గిన 40 మంది స్త్రీలకు 60 మి.గ్రా. మాత్రలు ఇచ్చి, రేడియోధార్మికత లేని ఐసోటోపులతో (బరువు తేడాతో గుర్తుపట్టగల ఇనుముతో) కొలిచారు. 14 మాత్రలు వరసగా రోజూ వేసినవాళ్లలో 16.3 శాతం ఒంటికి పట్టింది, అవే 14 మాత్రలు రోజు విడిచి రోజు వేసినవాళ్లలో 21.8 శాతం. మి.గ్రా.లలో 131కి 175. ఒకే రోజు రెండు పూటలుగా విడగొట్టి వేస్తే ఒక్క పూట వేసినదానికన్నా ఎక్కువేమీ రాలేదు, హెప్సిడిన్ మాత్రం పెరిగింది.

అందువల్ల రెండు మూడు పూటలా రాసే పాత పద్ధతికి ఇప్పుడు బలం లేదు. రోజుకి ఒకటే, ఒకే పూట. మందు కడుపులో పడక మానేసేవాళ్లకి రోజు విడిచి రోజు.

కాకపోతే ఒకటి గమనించండి. ఆ లెక్క మాత్రకి ఎంత పట్టింది అన్నది. రోజూ వేసేవాళ్లు అదే నెలలో రెట్టింపు మాత్రలు వేస్తారు, కాబట్టి నెల మొత్తం మీద ఒంటికి చేరేది రోజూ వేసినవాళ్లకే ఎక్కువ. తొందర ఉన్నచోట ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

---

సెలైన్_స్టాండ్

పేగుగోడ గారి చివరి పేరాని కరపత్రంలో పెద్ద అక్షరాల్లో వేయండి. "రోజు విడిచి రోజే మంచిది" అని సగం విన్నవాళ్లు గర్భిణులకి కూడా చెప్పేస్తున్నారు. మన జాతీయ కార్యక్రమంలో గర్భిణికి నాలుగో నెల నుంచి రోజూ ఒక ఎర్ర మాత్ర, కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. రక్తహీనత ఉంటే డోసు పెరుగుతుంది. అక్కడ గడువు కాన్పు తేదీ, మనం పెట్టుకున్నది కాదు. ఆ చీటీని డాక్టరు తప్ప ఎవరూ మార్చకూడదు. కిశోరబాలికలకి బడిలో ఇచ్చే నీలం మాత్ర వారానికి ఒకటి, అది నివారణకి. దాన్ని చికిత్స అనుకుని హిమోగ్లోబిన్ 8 ఉన్న పిల్లని వారానికొక మాత్రతో వదిలేయకూడదు.

ఎన్నాళ్లు వాడాలన్నది కూడా లెక్క వేసి చూపిస్తే జనం నమ్ముతారు. 50 కిలోల స్త్రీకి రక్తం సుమారు 3.25 లీటర్లు. హిమోగ్లోబిన్ 9 నుంచి 12కి తేవాలంటే కొత్తగా దాదాపు 98 గ్రాముల హిమోగ్లోబిన్ కావాలి. గ్రాముకి 3.4 మి.గ్రా. చొప్పున 330 మి.గ్రా. ఇనుము. 60 మాత్రలో రోజుకి 10 మి.గ్రా. ఒంటికి పట్టిందనుకుందాం. నెలకి పైగా పడుతుంది. ఇది రక్తంలోకి మాత్రమే. కాలేయంలో, మజ్జలో ఖాళీ అయిన గాదె నింపడానికి ఇంకో 300 నుంచి 500. అందుకే హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా మూడు నెలలు వాడమంటారు. రిపోర్టులో 12 కనబడగానే మానేసినవాళ్లు ఆర్నెల్లలో మళ్లీ 9తో రావడానికి కారణం ఈ గాదెను ఖాళీగా వదిలేయడమే.

నెలసరిలో 35 మి.లీ. రక్తం పోతే దాదాపు 14 మి.గ్రా. ఇనుము పోయినట్టు. 80 మి.లీ. దాటితే 30 పైనే. అంటే ఎక్కువ రక్తస్రావం ఉన్నవాళ్లకి మూడు రోజుల మాత్రలు ఒక్క నెలసరికే చెల్లు. చిల్లు కుండకి చిల్లు పూడ్చకుండా నీళ్లు పోస్తే ఎప్పటికి నిండుతుంది?

---

గాజుపలక

మూడో ప్రశ్న ల్యాబ్ వైపు నుంచి.

మొదట, నిజంగానే కదల్లేదా అని చూడాలి. వేలు గుచ్చి తీసిన చుక్కతో 8.9, నెల తర్వాత నరం నుంచి తీసిన రక్తంతో 9.3 అంటే పెరిగినట్టు కాదు, తగ్గినట్టూ కాదు. ఒకే ల్యాబ్, ఒకే పద్ధతి, నరం రక్తం. సాలీ గొట్టంతో రంగు పోల్చి చెప్పిన అంకె అయితే చూసిన కన్నుని బట్టి మారుతుంది.

మందు పని చేస్తుంటే ముందు కదిలేది హిమోగ్లోబిన్ కాదు, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు). 7 నుంచి 10 రోజుల్లో పెరుగుతాయి. హిమోగ్లోబిన్ 2 వారాలకి 1 గ్రాము, 4 వారాలకి 2 గ్రాముల దాకా పెరగాలి. రెండు నెలలు ఆగి చూడనక్కర్లేదు, నెలకే తెలిసిపోతుంది.

పెరగలేదంటే నేను అడిగే వరస ఇది. మాత్ర నిజంగా వేస్తున్నారా? (మలం నల్లగా అవుతోందా అని అడిగితే చాలు. అవకపోతే మాత్ర గూట్లోనే ఉంది.) దేనితో వేస్తున్నారు? రక్తం ఎక్కడైనా పోతోందా: నెలసరి, మొలలు, నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు, కొంకి పురుగులు? పేగు పీల్చుకోగలుగుతోందా: హెచ్. పైలోరి (కడుపులో చేరే బాక్టీరియా), సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు), కడుపు ఆపరేషన్? చివరిగా, అసలు ఇది ఇనుము లోపమేనా?

ఈ చివరిదాని దగ్గరే మన ప్రాంతంలో ఎక్కువ పొరపాట్లు. తలసీమియా వాహకుల్లో (జబ్బు జన్యువు ఉన్నా జబ్బు లేనివాళ్లలో) కూడా ఎర్రకణాలు చిన్నవిగానే ఉంటాయి, హిమోగ్లోబిన్ 10, 11 దగ్గర ఉంటుంది. ఏళ్ల తరబడి ఐరన్ మింగుతూనే ఉంటారు. మామూలు సి.బి.సి. రిపోర్టులోనే ఆనవాలు దొరుకుతుంది: ఎం.సి.వి. (ఎర్రకణం సగటు సైజు) అంకెని ఆర్.బి.సి. (ఎర్రకణాల లెక్క) అంకెతో భాగించండి. 62ని 5.6తో భాగిస్తే 11 వస్తుంది. 13 కన్నా తక్కువైతే తలసీమియా అనుమానం, ఎక్కువైతే ఇనుము లోపం అనుమానం. ఇది అనుమానమే, తీర్పు కాదు. తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్.పి.ఎల్.సి. పరీక్ష. వాహకులైతే అందులో హిమోగ్లోబిన్ ఎ-2 పెరిగి ఉంటుంది. ఇనుము లోపం కూడా ఉంటే ఎ-2 కాస్త తగ్గి కనబడి తప్పించుకునే ప్రమాదం ఉంది, కాబట్టి అంచు మీద ఉన్న అంకెని ఇనుము సరిచేశాక మళ్లీ చూడాలి. పెళ్లి కావలసిన పిల్లలుంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం.

ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలను చూపే రక్తపరీక్ష) గురించి రెండు మాటలు. 15 కన్నా తక్కువుంటే ఇనుము నిల్వలు లేవనడంలో సందేహం లేదు. 30 లోపు ఉన్నా చాలామంది డాక్టర్లు లోపంగానే తీసుకుంటారు. కానీ జ్వరం, ఇన్‌ఫెక్షన్, కీళ్లవాతం, కాలేయ జబ్బు ఉంటే ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది. 60 చూసి "నిల్వలు బాగున్నాయి" అనేయకూడదు. పక్కన సి.ఆర్.పి. (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ చూపేది), ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చూపేది) ఉండాలి. ఈ సాచురేషన్ పరీక్షకి వచ్చేరోజు పొద్దున ఐరన్ మాత్ర వేసుకోకూడదు. వేసుకుని నాలుగు గంటల్లో రక్తం ఇస్తే సీరం ఐరన్ ఆకాశంలో ఉంటుంది.

మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఇనుము లోపం కనబడితే మాత్రలిచ్చి ఊరుకోకూడదు. రక్తం కడుపులోనో పెద్దపేగులోనో పోతోందనే అనుకుని ఎండోస్కోపీ, కొలనోస్కోపీ దాకా వెళ్లాలి. పెద్దపేగు క్యాన్సరుకి కొన్నిసార్లు ఇదొక్కటే ముందు జాడ.

---

కరపత్రం_పని

అందరికీ ధన్యవాదాలు. "దేనితో వేస్తున్నారు" అన్నదాన్ని కాస్త విడమర్చగలరా? నిమ్మరసంతో వేయమని ఒకరు, పాలతో వేయమని ఒకరు అంటున్నారు. బెల్లం, ఖర్జూరం తింటే రక్తం పడుతుందని ప్రతి ఇంట్లో ఉన్న మాటే. దాన్ని కొట్టేయాలా, ఉంచాలా?

---

పేగుగోడ

పాలతో వద్దు. టీ, కాఫీలతో అసలే వద్దు. టీలోని టానిన్లు ఇనుమును పట్టుకుని కరగనివ్వవు. భోజనంతో పాటు టీ తాగితే అందులోని ఇనుము సగానికి పైగా దక్కకుండా పోతుంది. ముందూ వెనకా గంట, రెండు గంటలు ఆగితే చాలు. రాగిజావ మంచి ఆహారమే కానీ మాత్ర వేసుకోవడానికి తగిన తోడు కాదు: 100 గ్రాముల రాగుల్లో 340 మి.గ్రా. దాకా కాల్షియం, పైగా ఫైటేట్లు (గింజల్లో ఉండి ఇనుమును పట్టేసేవి). మొలకెత్తించినా పులియబెట్టినా ఫైటేట్లు తగ్గుతాయి.

నిమ్మకాయ సంగతి కొంచెం సూక్ష్మం. ఆకుకూరలు, పప్పుల్లో ఉన్న ఇనుముకి విటమిన్ సి నిజంగా మేలు చేస్తుంది. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం మంచి అలవాటు. మాత్రతో విటమిన్ సి మాత్ర కూడా కొనిపించడం మాత్రం దండగ. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో 440 మందిని రెండు గుంపులు చేసి చూస్తే, 2 వారాలకి విటమిన్ సి గుంపులో హిమోగ్లోబిన్ 2.00, ఐరన్ ఒక్కటే వేసినవాళ్లలో 1.84 గ్రాములు పెరిగింది. ఆ తేడాకి విలువ లేదు.

బెల్లం గురించి: ఒక ముక్కలో వచ్చే ఇనుము ఒక మి.గ్రా. కూడా ఉండదు, అందులో పట్టేది ఇంకా తక్కువ. తింటే తినమనండి. మందుకి బదులుగా మాత్రం కాదు. తోటకూర, గోంగూరల కన్నా కాలేయం, మాంసం, చేపల్లోని ఇనుము బాగా పడుతుంది. అది హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) రూపంలో వేరే దారిన వెళ్తుంది, టీ, ఫైటేట్లు దాన్ని పెద్దగా ఆపలేవు. ఇనప మూకుడులో చింతపండు పులుసు పెడితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, అదీ లాభమే. రేషన్‌లో ఇచ్చే బలవర్ధక బియ్యంలో కిలోకి 28 నుంచి 42.5 మి.గ్రా. ఇనుము కలుపుతారు. వండేటప్పుడు తేలే ఆ గింజలు ప్లాస్టిక్ కావు, పిండిలో పోషకాలు కలిపి ఒత్తిన గింజలు. ఏరి పారేయొద్దని కూడా ఒక వాక్యం రాయండి.

పరగడుపున వేస్తే బాగా పడుతుంది, వికారమూ ఎక్కువే. వాంతి చేసుకుని మానేయడం కన్నా అన్నం తిన్నాక వేసుకుని కొనసాగించడం నయం.

---

తగరంపూత

జింకు గురించి ఎవరూ ముట్టుకోలేదు. నాకు అసలు భయం దాంతోనే. కోవిడ్ రోజుల్లో మొదలైన 50 మి.గ్రా. జింకు మాత్రల అలవాటు కొందరికి ఇంకా పోలేదు.

పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 13 నుంచి 17 మి.గ్రా., అదీ చాలావరకు తిండిలోంచే. జింకు ఎక్కువైతే పేగు కణాలు మెటలోథయోనిన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి. ఆ ప్రోటీన్ జింకు కన్నా రాగిని గట్టిగా పట్టుకుంటుంది. (రాగి అంటే లోహం. తైదలు, చోళ్లు కావు!) పట్టుకున్న రాగి కణంతో పాటు రాలిపోతుంది. నెలల తరబడి ఇలా జరిగితే రాగి లోపం వస్తుంది.

రాగి పోతే రక్తానికేం? పేగు కణం నుంచి ఇనుము బయటికొచ్చాక ట్రాన్స్‌ఫెరిన్ ఎక్కించుకోవాలంటే అది ఫెర్రస్ నుంచి ఫెర్రిక్ రూపానికి మారాలి. ఆ పని చేసే హెఫీస్టిన్, సెరులోప్లాస్మిన్ రెండూ రాగి ఉన్న ఎంజైములు. కాబట్టి రాగి లేనివాడికి ఇనుము ఎంత పోసినా రక్తహీనత తగ్గదు. దానితో పాటు తెల్లకణాలు కూడా తగ్గితే, కాళ్లు తిమ్మిర్లెక్కి నడక తూలితే, బి-12 మామూలుగానే ఉంటే, సీరం కాపర్, సెరులోప్లాస్మిన్ చూడాలి. రక్తం కొద్ది వారాల్లో కోలుకుంటుంది, నరాల నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

విచిత్రం ఏంటంటే ఇదే గుణం విల్సన్ జబ్బులో మందు. ఆ జబ్బులో రాగి పైత్యరసంలోకి పోలేక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. ఇప్పటికే పేరుకున్నదాన్ని పెనిసిలమిన్ లాంటి మందులతో మూత్రంలోకి లాగుతారు. కొత్తగా చేరకుండా జింకు 50 మి.గ్రా. రోజుకి మూడుసార్లు భోజనానికి దూరంగా ఇస్తారు. ఒకరికి మందుగా ఒక పూటకి ఇచ్చే డోసునే ఇంకొకరు బలానికని మింగుతున్నారు.

కరపత్రంలో ఇలా రాస్తే సరిపోతుంది: పిల్లల విరేచనాలకి జింకు 14 రోజులే (ఆరు నెలలు దాటితే 20 మి.గ్రా., 2 నుంచి 6 నెలలకి 10), పెద్దవాళ్లు డాక్టరు చెప్పకుండా నెల దాటి 50 మి.గ్రా. వాడొద్దు, ఐరన్‌తో కలిపి ఒకేసారి మింగొద్దు, రెండూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.

రాగి మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో కాచి నిలవ ఉంచిన పాలకి, పసిపిల్లల కాలేయం గట్టిపడే జబ్బుకి సంబంధం ఉందని 1980ల్లో పుణె ప్రాంతంలో గుర్తించారు. పాలలోని కేసీన్ రాగిని పట్టుకుని పిల్లల కడుపులోకి చేరవేసేది. గిన్నెలు మారాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. పెద్దవాళ్లు రాగి చెంబులో నీళ్లు తాగడం వేరు, అందులో పాలు, మజ్జిగ, చారు పెట్టడం వేరు. కళాయి వేయించేటప్పుడు తగరంలో సీసం కలవకుండా కూడా చూసుకోవాలి. డి.ఎం.టి.-1 తలుపు సీసానికీ తెరుచుకుంటుంది. ఇనుము లోపం ఉన్న పిల్లల్లో ఆ తలుపులు ఎక్కువ, కాబట్టి సీసం కూడా ఎక్కువ పడుతుంది. ఆ సీసం మళ్లీ హీమ్ తయారీని దెబ్బ తీస్తుంది. పాత బ్యాటరీలు విప్పే చోట్ల ఉండే పిల్లల్లో రక్తహీనత తగ్గకపోతే రక్తంలో సీసం పరీక్ష అడగండి.

---

సెలైన్_స్టాండ్

మాత్రతో పని జరగనప్పుడు నరం ద్వారా ఇచ్చే ఐరన్ గురించి. "రక్తం ఎక్కించారు" అని చెప్పుకుంటారు కానీ అది రక్తం కాదు.

ఎంత కావాలో చూసే పాత లెక్క: బరువు × (15 − ఇప్పటి హిమోగ్లోబిన్) × 2.4 + 500. 50 కిలోలు, 8 గ్రాములు ఉంటే 840 + 500 = 1,340 మి.గ్రా. ఐరన్ సుక్రోజ్ అయితే ఒకసారికి 200, వారానికి 600 మించకుండా, అంటే ఏడుసార్లు రావాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకసారికి 1,000 దాకా 15 నిమిషాల్లో ఇవ్వొచ్చు, రెండుసార్లతో అయిపోతుంది.

తప్పులు జరిగే చోట్లు: సుక్రోజ్‌ను మామూలు సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో కాదు. 200 మి.గ్రా.కి 100 మి.లీ. చాలు. 500 సీసాలో పోస్తే మరీ పలచనై మందు నిలకడగా ఉండదు. సూది నరం దాటితే చర్మం మీద గోధుమరంగు మచ్చ ఏళ్ల తరబడి పోదు, కాబట్టి ముందు సెలైన్ వదిలి చూడాలి. అయ్యాక అరగంట కూర్చోబెట్టాలి. ముఖం ఎర్రబడి ఛాతీ బిగిసినట్టుండి, బీపీ బాగానే ఉంటే మందు ఆపి పావుగంట చూస్తే చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. వెంటనే నిద్ర తెప్పించే అలర్జీ ఇంజెక్షన్ పొడిస్తే బీపీ పడిపోయి, చిన్నదాన్ని పెద్దది చేసుకున్నట్టవుతుంది. బీపీ పడినా, గొంతు వాచినా, ఆయాసం వచ్చినా అది వేరే సంగతి, అప్పుడు అడ్రినలిన్ కావాలి. గర్భం మొదటి మూడు నెలల్లో ఇవ్వరు.

కార్బాక్సీమాల్టోజ్‌కి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది: రక్తంలో ఫాస్ఫేట్ తగ్గిపోవడం. ఎఫ్.జి.ఎఫ్.-23 అనే హార్మోను పెరిగి మూత్రంలోకి ఫాస్ఫేట్ వదిలేస్తుంది. రెండు వారాలకి నీరసం, కండరాల నొప్పులు వస్తే రక్తం తక్కువైందని మళ్లీ అదే ఇంజెక్షన్ ఇస్తే ఎముకల దాకా వెళ్తుంది. ముందు సీరం ఫాస్ఫరస్ చూడాలి. ఫెర్రిటిన్ కూడా ఇంజెక్షన్ అయిన నాలుగు వారాల లోపు చూస్తే అర్థం లేని పెద్ద అంకె వస్తుంది.

---

కరపత్రం_పని

చిత్తుప్రతి చివరి వాక్యం ఇలా ఉంది: "మాత్రలను స్ట్రిప్ నుంచి తీసి, ఎండ తగలని సీసాలో, అందుబాటులో ఉంచుకోండి." సరేనా?

---

మందులకొట్టు_కిటికీ

కాదండీ, అది మార్చండి. ఎర్ర మాత్ర పిల్లలకి మిఠాయిలా కనబడుతుంది. కిలో బరువుకి 20 మి.గ్రా. దాటితే విషలక్షణాలు, 60 దాటితే ప్రాణాపాయం. 10 కిలోల పసివాడికి 60 మి.గ్రా. మాత్రలు పది చాలు. స్ట్రిప్‌లో ఉంటే ఒక్కొక్కటీ చించుకోవాలి, రెండు మూడుతో ఆగిపోతాడు. మూత తీసిన సీసాలో ఉంటే గుప్పెడు నోట్లో పడుతుంది.

ఇంకొకటి: మొదటి ఆరు గంటల్లో వాంతులు, రక్త విరేచనాలు అయ్యాక పిల్లవాడు ఒక పూట తేరుకున్నట్టు కనబడతాడు. "తగ్గిపోయింది" అని ఇంటికి తీసుకెళ్తారు. ఆ తర్వాతే షాక్, కాలేయం దెబ్బతినడం. బొగ్గుపొడి మందు ఇనుమును పట్టదు. ఇనుముకి విరుగుడు మందు డెఫెరాక్సమిన్ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లాలి, ఖాళీ స్ట్రిప్ చేతిలో పట్టుకుని. ఎన్ని మాత్రలు, ఎంత ఇనుము అన్న లెక్క దాన్ని బట్టే వేస్తారు.

వాక్యం ఇలా మార్చండి: "మాత్రలను స్ట్రిప్‌లోనే ఉంచి, పిల్లలకు అందని ఎత్తులో, తాళం ఉన్న అరలో పెట్టండి."